చివరి పగలు

పాఠ్యభాగ పరిచయం

తెలుగులో యాత్రారచనకు దీర్ఘమైన చరిత్ర ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830, 1831 సంవత్సరాలలో చేసిన ప్రయాణం 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో వెలువడింది. యాత్రారచన చూసిన స్థలాల పట్టిక మాత్రమే కాదు. స్థలాన్ని చూసే మనిషి మనసు కూడా అందులో భాగమే. సింగపూరులో విహారం ముగించుకొని, అక్కడినుండి మరొక దేశానికి వెళ్లబోతున్న తెలుగు దంపతుల చివరి రోజును ఈ పాఠం వర్ణిస్తుంది.

పాఠం

యాత్రలో చివరి రోజుకు ఒక విలక్షణ స్వభావం ఉంది. మొదటి రోజున కాలం అపారమనిపిస్తుంది. చివరి రోజున ప్రతి గంటకూ విలువ కట్టవలసి వస్తుంది. చూడవలసినవి, కొనవలసినవి, సర్దవలసినవి ఒక్కసారిగా ఎదురు నిలుస్తాయి. అన్నాళ్లూ వాయిదా వేసిన పని ఏదైనా ఉంటే, అది కూడా ఆనాడే తలుపు తడుతుంది.

శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడికి అటువంటి పని ఒకటి మిగిలిపోయింది. ఆయన భార్యతో కలిసి మెల్‌బోర్న్‌లో ఉంటున్న కుమార్తె వద్దకు బయలుదేరాడు. దారిలో ఆరు రోజులు సింగపూరులో ఆగారు. సింహముఖం, మత్స్యదేహం గల మెర్లయన్ విగ్రహాన్ని చూశారు. సముద్రతీరంలోని ఉద్యానాలలో విహరించారు. 'సింగపుర' అనే మాట సంస్కృత 'సింహపుర' శబ్దమేనని, తిక్కన నడయాడిన నెల్లూరుకు కూడా విక్రమసింహపురి అనే పేరు ఉండేదని ఆయన భార్యకు ఉత్సాహంగా వివరించాడు. కాని తన మనసులోని మాట మాత్రం చెప్పలేదు.

ఏడవ రోజు రాత్రి పదకొండు గంటలకు విమానం. ఉదయమే పెట్టెలు సర్ది, గది ఖాళీ చేసి, సామాను హోటలు వారికే అప్పగించారు. మనవరాలికి బట్టలు, కుమార్తెకు కానుకలు కొనాలని భార్య చిట్టా రాసుకున్నది. అప్పుడు ఉపాధ్యాయుడు సంచిలోనుండి ఒక పాత ఉత్తరం తీశాడు.

"ఏమండీ, ఇది మీ తాతగారి ఉత్తరం కాదూ? ఇంట్లో భద్రంగా ఉందనుకున్నాను" అన్నది ఆమె.

"తెచ్చాను. ఆరు రోజులూ చెబుదామనుకుంటూనే ఊరుకున్నాను. చూడడానికి అక్కడ ఏమీ ఉండకపోతే నువ్వు నొచ్చుకుంటావేమోనని సందేహించాను" అన్నాడాయన.

ఆమె చిట్టాను మడిచి చేతిసంచిలో పెట్టుకున్నది. "బట్టలు ఎక్కడైనా దొరుకుతాయి. పదండి" అన్నది.

తాతగారు 1937లో ఊరు విడిచి, ఓడ ఎక్కి మలయాకు వెళ్లారు. కంగాణీ చెప్పిన మాటలు నమ్మి ఒక రబ్బరు తోటలో పనికి కుదిరారు. అప్పటికి పెద్ద కొడుకు వయస్సు రెండేళ్లు. ఏడాదికి రెండు మూడు ఉత్తరాలు, వాటితోపాటు కొద్దిపాటి డబ్బు వచ్చేవి. 1941 డిసెంబరులో జపాను సేనలు మలయాలో దిగాయి. ఆ తరువాత ఉత్తరం రాలేదు. ఆయన ఆజాద్ హింద్ ఫౌజులో చేరాడని ఒకరు, జపానువారు సయాం, బర్మాల మధ్య నిర్మించిన రైలుమార్గం పనిలో మరణించాడని మరొకరు చెప్పారు. దేనికీ ఆధారం లేదు. నాయనమ్మ మాత్రం కబురు అందనిదే బొట్టు తీయనన్నది. ఆ బొట్టుతోనే 1980లో కన్నుమూసింది.

దంపతులు మొదట సింగపూరు వృక్షోద్యానానికి వెళ్లారు. 1859లో నెలకొల్పిన ఈ తోటను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. సందర్శకులు ఎక్కువగా అక్కడి ఆర్కిడ్ పూలను చూడడానికి వెళతారు. ఉపాధ్యాయుడు వెతికింది రబ్బరు చెట్టును. ఆ చెట్టు స్వస్థలం దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవి. 1876లో బ్రెజిల్ నుండి విత్తనాలు లండను సమీపంలోని క్యూ ఉద్యానానికి చేరాయి. అక్కడ మొలకెత్తిన మొక్కలలో కొన్ని 1877లో సింగపూరుకు వచ్చాయి. 1888లో ఈ తోట బాధ్యత స్వీకరించిన హెన్రీ రిడ్లీ, చెట్టుకు హాని కలగకుండా బెరడుకు గాట్లు పెట్టి పాలు తీసే పద్ధతిని రూపొందించాడు. రబ్బరు వేయండని తోటల యజమానులను పట్టువిడువక ప్రోత్సహించాడు. మోటారు వాహనాల చక్రాలకు రబ్బరు అవసరం పెరిగేసరికి మలయా అడవులు తోటలుగా మారాయి. తోటలకు మనుషులు కావలసివచ్చారు. తమిళనాడు నుండి అధికసంఖ్యలోను, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుండి చెప్పుకోదగిన సంఖ్యలోను శ్రామికులు సముద్రం దాటారు.

చెట్టు కింద రాలిన ఒక గింజ ఉపాధ్యాయుడికి కనిపించింది. గోధుమ రంగు మచ్చలతో అది పెద్ద ఆముదపు గింజలా ఉన్నది. రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. ఆయన దానిని చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. ఇంత చిన్న గింజ ఎన్ని ఇళ్ల దీపాలను సముద్రం దాటించిందో కదా అనుకున్నాడు. తెలియకుండానే దానిని జేబులో వేసుకున్నాడు.

భార్య గమనించింది. "తోటలోనుండి ఏమీ తీసుకుపోరాదు. పైగా ఆస్ట్రేలియాలో విత్తనాలు, మట్టి విషయంలో ఎంత కట్టుదిట్టమో అమ్మాయి ఫోనులో పదేపదే చెప్పింది గదా" అన్నది. ఆయన కొంచెం సిగ్గుపడి, గింజను తీసిన చోటనే ఉంచాడు.

మధ్యాహ్నానికి సెరంగూన్ రోడ్డులోని శ్రీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయం చేరారు. పందొమ్మిదవ శతాబ్దంలో వెలసిన ఆ కోవెలను 1978లో జాతీయ స్మారక కట్టడంగా ప్రకటించారు. దర్శనం చేసుకొని, ఆ వీధిలోనే అరటి ఆకులో భోజనం చేశారు. ఆలయానికి దగ్గరలోనే ఫారర్ పార్కు ఉంది. 1942 ఫిబ్రవరి 15న బ్రిటిషు సైన్యం జపానుకు లొంగిపోయిన తరువాత, 17వ తేదీన వేలాది భారతీయ సైనికులను సమావేశపరచి జపాను అధికారులకు అప్పగించింది అక్కడే. ఆజాద్ హింద్ ఫౌజుకు ఆ మైదానంలోనే బీజం పడింది. 1943 జూలైలో సుభాష్ చంద్రబోస్ సింగపూరుకు వచ్చి నాయకత్వం స్వీకరించాడు. అదే సంవత్సరం అక్టోబరు 21న ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వాన్ని ఈ నగరంలోనే ప్రకటించాడు. వృత్తి సైనికులతోపాటు రబ్బరు తోటల శ్రామికులు, స్త్రీలు కూడా ఆ ఫౌజులో చేరారు.

సాయంకాలం వారు ఎస్ప్లనేడ్ పార్కుకు చేరుకున్నారు. 1945 జూలై 8న బోస్ అక్కడ ఒక స్మారక స్తంభానికి శంకుస్థాపన చేశాడు. అది ఆజాద్ హింద్ ఫౌజులో ప్రాణాలర్పించిన అజ్ఞాత వీరునికి అంకితం. ఐక్యత, విశ్వాసం, త్యాగం అనే అర్థం గల మూడు మాటలు దానిపై చెక్కించారు. సెప్టెంబరులో తిరిగి వచ్చిన బ్రిటిషువారు దానిని కూల్చివేశారు. ఆ కట్టడం నిలిచినది కొన్ని వారాలు మాత్రమే. అర్ధశతాబ్దం గడిచాక, 1995లో సింగపూరు ప్రభుత్వ వారసత్వ సంస్థ ఆ చోటును చారిత్రక స్థలంగా గుర్తించి ఫలకం నిలిపింది.

ఉపాధ్యాయుడు ఫలకాన్ని రెండుసార్లు చదివాడు. అందులో తాతగారి పేరు లేదు. పేరు ఉంటుందని ఆయన అనుకోనూ లేదు. అయినా చూపు అక్షరాల మధ్య దేనినో వెతికింది.

"తాత ఇక్కడికి వచ్చాడో లేదో నాకు తెలియదు. రైలుమార్గం దగ్గరే పోయాడేమో! తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుకోవడం నాకు ఇష్టంలేదు" అన్నాడు.

భార్య కొంతసేపు మౌనంగా ఉండి, "పేరు తెలియనివారి కోసమే గదండీ దీనిని కట్టింది! ఆయన వచ్చినా రాకపోయినా, ఆయనను తలచుకోవడానికి ఇది తగని చోటు కాదు. అత్తయ్యగారు చెబుతుండేవారు, మీ నాయనమ్మ ప్రతి సాయంత్రం వీధి అరుగుమీద కూర్చునేదట. ఆవిడ బదులు మనం కాసేపు కూర్చుందాం" అన్నది.

ఇద్దరూ పక్కనున్న బల్లమీద కూర్చున్నారు. ఆయన ఉత్తరం విప్పి మెల్లగా చదివాడు. అందులో యుద్ధం లేదు, దేశం లేదు. పిల్లవాడిని బడిలో వేయమని, వర్షాలు పడ్డాయో లేదో రాయమని, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు తప్పక వస్తానని ఉంది. ఎదురుగా నగరంలో దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఆఫీసుల నుండి వచ్చే యువతీయువకులు నవ్వుకుంటూ ఆ దారినే వెళుతున్నారు.

ఎనిమిది గంటలకు వారు చాంగీ విమానాశ్రయంలో ఉన్నారు. 2019లో ప్రారంభమైన అక్కడి 'జువెల్' భవనంలో నలభై మీటర్ల ఎత్తునుండి పడే జలధారను చూస్తూ ఫలహారం చేశారు. మనవరాలికి ఒక బొమ్మ అక్కడే దొరికింది. చిట్టాలోని మిగిలినవి మిగిలిపోయాయి.

"అమ్మాయితో ఏమని చెబుతారు?" అని అడిగింది భార్య.

"మనవరాలికి చెబుతాను. మన ఇంటినుండి సముద్రం దాటిన మొదటివాడు మీ అమ్మ కాదని చెబుతాను. ఆయన ఎక్కడ ఆగిపోయాడో తెలియదని కూడా చెబుతాను" అన్నాడాయన.

విమానం ఎక్కమని పిలుపు వచ్చింది. ఆయన ఉత్తరాన్ని పాస్‌పోర్టుతో కలిపి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తాతగారు ఓడలో రోజుల తరబడి ప్రయాణించి చేరిన తీరాన్ని విమానం కొద్ది నిమిషాలలో దాటిపోయింది.

పదజాలం

విలక్షణ = ప్రత్యేకమైన లక్షణం కలిగిన
విశ్రాంత = ఉద్యోగ విరమణ చేసిన
కంగాణీ = కూలీలను కూర్చి, వారిచేత పని చేయించే మేస్త్రీ
అజ్ఞాత = ఎవరో తెలియని
ఫలకం = పలక; అక్షరాలు చెక్కిన బిళ్ల

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రబ్బరు మొక్కకు, తెలుగు శ్రామికుల వలసకు గల సంబంధాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. 'తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుకోవడం నాకు ఇష్టంలేదు' అన్న ఉపాధ్యాయుని మాటలో వ్యక్తమయ్యే స్వభావాన్ని విశ్లేషించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఎస్ప్లనేడ్ పార్కులోని స్మారక స్తంభం చరిత్రను రాయండి.
2. ఉపాధ్యాయుడు గింజను తిరిగి నేలపై ఎందుకు ఉంచాడు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సింగపూరు వృక్షోద్యానాన్ని ఎప్పుడు నెలకొల్పారు?
2. ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వాన్ని ఏ తేదీన ప్రకటించారు?

ఈ) మీ కుటుంబంలో గాని, మీ ఊరిలో గాని పూర్వం దూరదేశాలకు వెళ్లినవారి గురించి పెద్దలను అడిగి తెలుసుకొని, ఒక పుట మించకుండా రాయండి. విన్న విషయాన్ని, ఊహించిన విషయాన్ని వేరువేరుగా చూపండి.