నందికొండ దారిలో వేసవి రద్దీ

వేసవి సెలవులు రాగానే జనుల మనస్సు చల్లని చోటులవైపు పోవుట సహజము. సముద్రమునకు దగ్గరగా నున్నవారు తీరమునకు పోవుదురు. మన సీమకు సముద్రము లేదు, కొండలు కలవు. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి వారికేగాక బెంగళూరు నగరవాసులకును అందుబాటులో నున్న చల్లని చోటు నందికొండ. కన్నడమున దీనిని నందిబెట్ట యందురు. దీని యెత్తు 1,478 మీటర్లు. బెంగళూరునుండి దూరము సుమారు 60 కిలోమీటర్లు.

ఈ కొండ ప్రసిద్ధి నేటిది కాదు. పాదమున భోగనందీశ్వరుని ప్రాచీనాలయము కలదు. టిప్పు సుల్తాను దీనిపై వేసవి విడిది నిర్మించుకొనెను. గాంధీ మహాత్ముడు 1927లోను, 1936లోను ఇచ్చట విశ్రాంతి తీసికొనెను. 1986లో బెంగళూరున దక్షిణాసియా దేశాధినేతల సమావేశము జరిగినప్పుడు ఆ నాయకులు ఈ కొండపై కలిసికొనిరి. ఈ కొండల వరుసలోనే పుట్టిన ఉత్తర పినాకిని గౌరీబిదనూరు మీదుగా ఆంధ్రదేశమున ప్రవేశించి, పెన్న యను పేర రాయలసీమను దాటి, నెల్లూరు సీమలో సముద్రమున కలియుచున్నది.

ఇట్టి కొండను చూడ నెల్లరును కోరుట న్యాయమే. అయితే సెలవుదినముల తెల్లవారుజామున కొండ దారిలో వాహనములు ఒకదాని వెనుక నొకటి నిలిచిపోవుట మనమెరిగిన విషయము. ఈ రద్దీ యేల కలుగుచున్నది? దానిని తగ్గించుట కెవరేమి చేయవలెను? ఈ పాఠమున విచారింతము.

మొదటి కారణము: గరాటు

గరాటులో నీరు పోసినప్పుడు పై నోరెంత వెడల్పుగా నున్నను క్రింది గొట్టము పట్టినంత నీరే దిగును. వేగముగా పోసినచో నీరు పైకి పొంగునే గాని త్వరగా దిగదు. నందికొండ దారియు నట్టిదే. బెంగళూరునుండి దేవనహళ్లి, చిక్కబళ్లాపురము, బాగేపల్లి మీదుగా ఉత్తరమునకు పోవు 44వ జాతీయ రహదారి విశాలమైనది. 2008లో దేవనహళ్లి యొద్ద విమానాశ్రయము ప్రారంభమైన పిదప ఈ మార్గమున రాకపోకలు మిక్కిలి పెరిగినవి. 2023 జనవరిలో చిక్కబళ్లాపురము చెంత 112 అడుగుల ఆదియోగి విగ్రహము వెలసిన తరువాత ఆ వైపు పోవువారును ఎక్కువైరి. ఈ వెడల్పైన దారిని వచ్చిన బండ్లన్నియు నందికొండ యెక్కునప్పుడు మలుపులతో కూడిన ఇరుకైన దారిలో ప్రవేశింపవలెను. వాహనములకు పైకి పోవు దారి యొక్కటే, దిగుటకును అదియే.

2021 ఆగస్టులో ఒక రాత్రి కురిసిన పెద్దవానకు కొండచరియ విరిగిపడి ఈ దారి తెగిపోయెను. యాత్రికులకు మరల ప్రవేశము కలిగినది డిసెంబరు 1వ తేదీననే. ఒక్కటే దారి గల చోట ఆ దారి యెంత విలువైనదో దీనివలన తెలియుచున్నది.

రెండవ కారణము: అందరికి నొకే గడియ

కొండపై సూర్యోదయము చూడవలెనని అందరి కోరిక. మే నెలలో మన సీమయందు సూర్యుడు ఆరు గంటలకు కొంచెము ముందుగా ఉదయించును. కావున నెల్లరును ఆ గంటలోపలనే పైకి చేరగోరుదురు. దీని ఫలమును ఒక లెక్కచే తెలిసికొందము. ఈ లెక్కలోని అంకెలు మనము ఊహించుకొన్నవి.

కొండ ద్వారము నిమిషమునకు 10 బండ్లను లోనికి పంపగలదనుకొందము. ఉదయము 5 మొదలు 6 గంటల వరకు నిమిషమునకు 15 బండ్లు వచ్చినవనుకొందము. నిమిషమునకు 5 చొప్పున గంటలో 300 బండ్లు బయట నిలిచిపోవును. ఒక్కొక్క బండికి, ముందు వెనుకల ఖాళీతో కలిపి, 6 మీటర్ల స్థలము కావలెనన్నచో ఆ వరుస పొడవు 1,800 మీటర్లు. సరిగా 6 గంటలకు వచ్చినవాడు తనకు ముందున్న 300 బండ్లు పోవువరకు 30 నిమిషములు వేచియుండవలెను. వాడు చూడవచ్చిన సూర్యోదయము వాడు ద్వారము దాటకమునుపే ముగియును.

ఆరు గంటల తరువాత రాక తగ్గి, నిమిషమునకు 8 బండ్లే వచ్చినవనుకొందము. అప్పుడు వరుస నిమిషమునకు రెండేసి బండ్ల చొప్పున మాత్రమే తరుగును. 300 బండ్లు తరుగుటకు 150 నిమిషములు, అనగా రెండున్నర గంటలు పట్టును. ఒక గంట తొందర ఎనిమిదిన్నర వరకు అందరిని బాధించినదన్నమాట.

ఇందొక విశేషము కలదు. ద్వారము ఎప్పుడును నిమిషమునకు పదింటినే పంపినది. ఆ 300 బండ్లవారు 6 గంటల తరువాత నిమిషమునకు రెండు బండ్ల చొప్పున తీరికగా వచ్చియున్నచో, నిమిషమునకు వచ్చునవి 8, 2 కలిసి సరిగా 10 అగును. వరుస పుట్టదు. తుది బండి లోనికి పోవు వేళయు మారదు. అనగా తొందరవలన ఆ సమూహమునకు ఒక్క నిమిషమైనను లాభము లేదు. వేచియుండుట మాత్రము అదనము.

కొండపైన బండ్లు నిలుపు స్థలము నిండినచో స్థితి యింకను కఠినమగును. అప్పుడు ఒక బండి దిగినగాని మరియొకటి యెక్కజాలదు.

ఎవరికి నష్టము?

వేచియున్న యాత్రికునికి కాలము నష్టము. అంతకంటె పెద్ద నష్టము కొండ దిగువ గ్రామములవారిది. మన సీమ పూలకు, ద్రాక్షకు, టమాటాకు, పట్టుగూళ్లకు పేరుపొందినది. పూలు ఉదయముననే సంతకు చేరవలెను. వాడిన పూవునకు ధర లేదు. పాలు వేళకు చేరనిచో విరిగిపోవును. పట్టుగూటిలోని పురుగు చిలుకయై గూటిని తొలుచుకొని రాకమునుపే గూడు అమ్ముడుపోవలెను. తొలిచిన గూటినుండి వరుస దారము రాదు. వీరెవ్వరును విహారమునకు పోవువారు కారు. అయినను దారి మూసికొనిపోయినచో వారి కష్టార్జితము చెడును. ఇంకను, ప్రసవవేదన పడు స్త్రీని, పాముకాటు తిన్న రైతును గొనిపోవు 108 వాహనము అదే దారిని పోవలసియున్నచో, అచ్చట ప్రతి నిమిషము ఒక ప్రాణమునకు సంబంధించినది.

ఇతర స్థలములలో చేసిన యేర్పాటులు

మన తెలుగువారికి మిక్కిలి పరిచితమైన కొండదారి తిరుమలది. అచ్చట మొదటి ఘాటు రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. ఒకటి దిగుటకు, ఒకటి యెక్కుటకు వినియోగించుటచే ఎదురెదురు బండ్ల చిక్కు తొలగినది. తిరుపతి, తిరుమలల నడుమ దారి యేర్పాటులో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి పాత్ర కలదని వారి జీవితకథలలో చెప్పుదురు. ఆ మహాశయుని జన్మగ్రామమైన ముద్దేనహళ్లి మన నందికొండ సమీపముననే యున్నది.

నీలగిరి, కొడైకెనాలులలో మరియొక పద్ధతి అవలంబింపబడినది. మద్రాసు ఉన్నత న్యాయస్థానపు ఆజ్ఞచే 2024 మే 7 మొదలు అచ్చటికి వచ్చు వాహనములు ముందుగా అనుమతిపత్రము పొందవలసివచ్చెను. 2025 వేసవిలో నీలగిరికి పనిదినములలో 6,000, వారాంతములలో 8,000 వాహనములనియు, కొడైకెనాలుకు 4,000, 6,000 అనియు పరిమితి విధింపబడెను. స్థానికులకును, ప్రజారవాణా బస్సులకును ఈ పరిమితి వర్తింపలేదు. మన నందికొండయందును 2021 డిసెంబరులో దారి తెరచినప్పుడు ముందుగా టిక్కెట్టు తీసికొను పద్ధతి నమలుపరచిరి. గరాటునోట పోయు నీటిని కొలిచి పోయుటయే వీని సారాంశము.

మనము చేయదగినవి

ప్రభుత్వము చేయవలసినవి కొన్ని కలవు. అయితే పౌరుడు చేయవలసినవి తక్కువ కావు.

1. వారాంతమున గాక నడిమి దినములలో బయలుదేరుట మేలు. సెలవులలో విద్యార్థులకు సోమవారమైనను ఆదివారమే గదా! తల్లిదండ్రులు తమ పనులనుబట్టి ఆలోచింపవలెను.

2. సాధ్యమైనచో బస్సులో పోవలెను. నూరుమంది నలుగురేసి కార్లలో వచ్చినచో 25 కార్లు, 150 మీటర్ల వరుస. అదే నూరుమందికి రెండు బస్సులు చాలును. మన రైలుమార్గమున నంది హాల్టు అను చిన్న స్టేషనును కలదు.

3. కొండదారి ఇరుకైనచోట దిగుబండి ఆగి, ఎక్కుబండికి దారి యియ్యవలెను. ఇది మర్యాద మాత్రమే కాదు, వాహనచోదనకు సంబంధించిన నిబంధన. ఎక్కుచున్న బండి ఆగినచో వెనుకకు జారు ప్రమాదము కలదు.

4. దిగునప్పుడు చిన్న గేరులో దిగవలెను. ఎడతెగక బ్రేకు నొక్కినచో అది వేడెక్కి పట్టు తప్పును. ఇంజను ఆపి దిగుట మిక్కిలి అపాయకరము.

5. మలుపులలో ముందు బండిని దాటరాదు. వరుస తప్పించి ఒక్కడు ముందునకు దూరినచో ఎదురుబండి ఆగును. దానివెనుక నన్నియు ఆగును. ఒక్కని తొందర నూరుమందికి సంకెల.

6. రోగివాహనము కూత వినబడిన తక్షణము ప్రక్కకు తొలగవలెను. గ్రామపు దారులకు, ఇండ్ల వాకిండ్లకు అడ్డముగా బండి నిలుపరాదు.

7. వేచియుండు వేళ తినుబండారముల కాగితములు, సీసాలు దారిప్రక్కన పారవేయరాదు. కోతులకు ఆహారము వేయరాదు. అవి బండ్లచుట్టు మూగి, మరింత చిక్కు కలిగించును.

విద్యార్థులారా! మన యిండ్లలో తెలుగు మాటలాడుదుము. వీధిలో కన్నడము వినుదుము. కొండదారిలో తమిళము, హిందీ మాటలాడువారును కలియుదురు. భాష తెలియని బాటసారికి గూడ అర్థమగు మర్యాద యొకటి కలదు: ఆగి దారి యిచ్చుట. ఈ వేసవిలో మీ యింటివారు కొండకు బయలుదేరునప్పుడు పైలెక్కను వారికి కాగితముపై వేసి చూపుడు. ఎన్ని గంటలకు పోవలెనో పెద్దలే నిర్ణయింతురు.

ప్రశ్నలు

1. ద్వారము నిమిషమునకు 12 బండ్లను పంపగలదు. ఒక గంటసేపు నిమిషమునకు 16 వచ్చినవి. గంట తరువాత నిలిచిన బండ్లెన్ని? వరుస పొడవెంత?
2. పై లెక్కలో పిదప నిమిషమునకు 9 బండ్లు వచ్చినచో వరుస తరుగుట కెంత కాలము పట్టును?
3. ఎక్కుబండికి దిగుబండి యేల దారి యియ్యవలెను?
4. మీ గ్రామమున తేరు దినమున కలుగు రద్దీని గమనించి, దానిని తగ్గించు ఉపాయములను పది పంక్తులలో వ్రాయుడు.