ఎదుగు బిడ్డకు తోడు నిలుచువారెవరు?

పాఠ్యభాగము: లూకా 2:41–52, 2 తిమోతి 1:3–7



మన రక్షకుని బాల్యమునుగూర్చి సువార్తలలో మనకు దొరకునది బహు కొంచెము. పండ్రెండేండ్ల ప్రాయమున ఆయన దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి, వారి మాటలు ఆలకించుచు ప్రశ్నలడిగెనని లూకా తెలుపుచున్నాడు. చిన్నవాడని ఆ పెద్దలు ఆయనను లేపి పంపలేదు. చోటిచ్చిరి, చెవి యొగ్గిరి. ఆ అధ్యాయము చివర బుద్ధిలోను, ప్రాయములోను, దేవునితోను, మనుష్యులతోను ఆయన ఎదిగిన సంగతి కలదు. ఈ నాలుగు ఎదుగుదలలలో మన బిడ్డలయందు మనము వెదకుచున్నది ఏది?

పరీక్షా ఫలితములు వచ్చిన ఆదివారమున గుడి వాకిట మన మొదటి ప్రశ్న “మార్కులెన్ని బాబూ?” అనియే. తప్పిన బిడ్డ ఆ ప్రశ్నకు వెరచి మరుసటి వారము ఇంటనే ఉండిపోవును. 2019లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితముల పిమ్మట 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఇది పరుల ఇంటి దుఃఖమని మనము తలంచరాదు.

హవాయి ద్వీపములలో కవాయి అను దీవి కలదు. చెరకు తోటలలో కూలిచేసి బ్రదికిన కుటుంబములు అక్కడ అనేకము. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్ అను మనస్తత్వ పండితురాలు, ఆమె సహచరులు నలువది యేండ్ల ప్రాయము వరకు గమనించుచు వచ్చిరి. పేదరికము, ఇంటి కలహము, తలిదండ్రుల త్రాగుడు, మనోవ్యాధి వంటి కష్టములు పసితనముననే అనేకము మీదపడిన పిల్లలలో మూడింట రెండు వంతులమంది చదువులోనో నడతలోనో చిక్కుపడిరి. తక్కిన మూడవ వంతువారు సమర్థులుగా, ప్రేమగలవారుగా ఎదిగిరి.

వీరిని నిలిపినదేమి? ధనము కాదు. వారిని విడువక ప్రేమించిన స్థిరమైన మనిషి ఒక్కరైనను వారికుండెను. కొందరికి అమ్మమ్మ, కొందరికి పొరుగు పెద్ద, కొందరికి పంతులుగారు, కొందరికి సంఘమువారు. ఇంటిలో వారిపై ఆధారపడిన పని యొకటి కూడ వారికుండెను. చెడిన పిల్లలలోను అనేకులు పెద్దయిన పిమ్మట చక్కబడిరి. కావున ఏ బిడ్డయందును మనము ఆశ విడువరాదు.

తిమోతి జీవితమును చూడుడి. అవ్వ లోయి, తల్లి యునీకే అతనికి విశ్వాసము నేర్పిరి. తండ్రి గ్రీసు దేశస్థుడు. పౌలు వచ్చి అతనిని కుమారుడని పిలిచెను. పిలిచి ఊరకుండక, థెస్సలొనీక సంఘమును బలపరచు పని అప్పగించి పంపెను. ప్రేమయు నమ్మకమును రెండును అతనికి దొరికెను.

మనము చేయదగినవి ఇవి. ప్రతి యౌవనస్థుని, ప్రతి యౌవనస్థురాలిని పేరు పెట్టి పిలిచి, కష్టసుఖములు అడుగుదము. సండేస్కూలులో చిన్నపిల్లలకు కథ చెప్పుట, కానుకల లెక్క వ్రాయుట వంటి నిజమైన పని అప్పగింతము. ఆడపిల్లలకు పని విస్తారముగా చెప్పుదుము గాని వారి మాట వినము. వారి మాటను కూడ విందము. ఆటకు, కంటినిండ నిద్రకు అడ్డుపడకుందము. బిడ్డ దిగులు వారముల తరబడి తీరనియెడల ప్రార్థనతోపాటు వైద్యుని యొద్దకు తీసికొనిపోవుదము. ప్రభుత్వమువారి టెలి మానస్ 14416 అను నంబరుకు రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. అట్లు చేయుట విశ్వాసలోపము కాదు. లూకాయు వైద్యుడే గదా.

ఆలోచించుటకు:
1. మన గుడికి రావడము మానిన యౌవనస్థులెవరు? వారి ఇంటికి ఈ వారము ఎవరు వెళ్లుదురు?
2. మన చిన్నతనమున మనలను నమ్మిన పెద్ద ఎవరు? మనము నేడు ఎవరికి అట్టివారము?

ప్రార్థన: ప్రభువా, చిన్నవారికి చోటిచ్చు హృదయమును, వారి మాట విను చెవిని మాకు దయచేయుము. ఆమేన్.