చెక్క ఇంటికి ఏ గోడ?

ప్రశ్న: అయ్యా, 2024 డిసెంబరులో మా ముండ్లమూరులో, పక్కన తాళ్లూరు మండలంలో వరుసగా భూమి కంపించింది. అప్పట్నుంచి మా ఆవిడకు స్లాబు కింద పడుకోవాలంటే భయం. పొలం దగ్గర రెండు గదుల చెక్క ఇల్లు వేయిద్దామనుకుంటున్నాం. గోడలు ఫ్యాక్టరీలో చేసి, తెచ్చి బిగిస్తారట. మూడు రకాలు చూపించారు: రెండంగుళాల పలకల గోడ, రేకుల మధ్య ఫోమ్ నింపిన పఫ్ ప్యానెల్, చెక్క ఫ్రేములో రాక్‌వూల్ నింపి బయట సిమెంటు బోర్డు కొట్టింది. మా ఎండలకు ఏది మేలు?
– ఒక రైతు, ముండ్లమూరు

జవాబు: మూడోది తీసుకోండి. కానీ ముందు మీ ఆవిడకు ధైర్యం చెప్పండి. ఆ ప్రకంపనల తీవ్రత 3 దగ్గర్లోనే ఉంది. సరిగా కట్టిన ఇంటికి అంతమాత్రాన ఏమీ కాదు. అలాగని ఆమె భయాన్ని కొట్టిపారేయకండి. 1967లో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. చెక్క ఇల్లు తేలిక కాబట్టి దానిమీద పడే ఊపూ తక్కువే. అయితే ఫ్రేము అడుగు దుంగను బేస్‌మెంటుకు బోల్టులతో బిగించాలి, ఫ్రేముమీద ప్లైవుడ్‌ను దగ్గరదగ్గరగా మేకులతో కొట్టాలి. ఈ రెండూ ఒప్పంద కాగితంలో రాయించుకోండి.

ఇక ఎండ. రెండంగుళాల పలక వేడిని ఆపడంలో తొమ్మిదంగుళాల ఇటుక గోడకు తీసిపోదు. కానీ ఇటుకకున్న బరువు దానికి లేదు కనుక, రోహిణి కార్తెలో మధ్యాహ్నానికే వేడి లోపలికొచ్చేస్తుంది. పైగా పలకలు ఎండకు కుంచించుకుని, వానకు ఉబ్బుతాయి. అతుకులు విచ్చుకుంటే తేళ్లు దూరతాయి. నాలుగంగుళాల రాక్‌వూల్ నింపిన గోడ దానికి నాలుగైదు రెట్లు వేడిని ఆపుతుంది, రాక్‌వూల్‌కు నిప్పు కూడా అంటుకోదు. పఫ్ ప్యానెల్ చల్లగానే ఉంటుంది గానీ, అంటుకుంటే వచ్చే పొగ విషం. మనుషులు పడుకునే ఇంటికి నేను ఒప్పుకోను.

సిమెంటు బోర్డును ఫ్రేముకు ఆనించి కొట్టనివ్వకండి. నిలువు బద్దలు వేయించి, వాటిమీద కొట్టించండి. మధ్యలో అంగుళం ఖాళీ ఉండాలి, కిందా పైనా సన్నటి జాలీ ఉండాలి. బోర్డు కాలిపోతున్నా ఆ వేడి గాలితోపాటు పైకి పోతుంది, లోపలికి దిగిన వాననీరు కిందికి కారిపోతుంది.

ఇంకో మాట. చలిదేశాల డ్రాయింగులు చూసి గోడకు లోపలి వైపున ప్లాస్టిక్ షీటు వేస్తామంటారు. వద్దనండి. అక్కడ ఇంట్లో వెచ్చన, బయట చలి. మీరు ఏసీ పెడితే ఇక్కడ తలకిందులు: వానాకాలపు తేమ బయటినుంచి వచ్చి, ఆ చల్లటి షీటు వెనక నీళ్లై చెక్కను కుళ్లబెడుతుంది.

మన చెక్క ఇంటికి అసలు శత్రువు చెద. బేస్‌మెంటు రెండడుగులు లేపండి. పునాది దశలోనే ఐఎస్ 6313 ప్రకారం చెదల మందు కొట్టించండి, ప్రెషర్‌లో మందు ఎక్కించిన కలపే అడగండి. గోడ పక్కన మట్టి, కట్టెలు పోయొద్దు. చెద మట్టి గొట్టం కట్టుకుంటూ పైకెక్కుతుంది, బేస్‌మెంటు చుట్టూ కనబడుతుంటేనే అది మీ కంటబడుతుంది.

గోడకెంత ఖర్చుపెట్టినా పైకప్పు వట్టి రేకైతే లాభం లేదు. కప్పుకూ రాక్‌వూల్ వేయించి, పడమర వైపు వసారా దించండి.

ప్రశ్న: చెక్క ఇంటి గోడల బయట మా ఊరి పలకరాయి అంటించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మార్కాపురం

జవాబు: గోడకు వద్దమ్మా. బరువు పెరుగుతుంది, ఇల్లు ఊగితే బోర్డుమీది రాళ్లు ఊడి మనుషులమీద పడతాయి. బేస్‌మెంటుకు మాత్రం నిశ్చింతగా అంటించండి, వాన చిందినా రాయి చెడదు. రాయి వెనక బోలు లేకుండా సిమెంటు నిండుగా పట్టించమనండి. ఖాళీ ఉంటే చెద ఆ చాటునే పైకెక్కుతుంది.