సంతానం కలగనప్పుడు: పరీక్ష ఇద్దరికీ, అదీ సకాలంలో

లేపాక్షి చుట్టుపక్కల పల్లెల నుండి మా ఓ.పి.కి వచ్చే కొత్త కోడళ్లు తరచుగా రెండు మాటలు చెబుతుంటారు. "లోపం నాలోనే ఉందంటున్నారు" అన్నది మొదటిది. "డెబ్బై ఏళ్లు దాటినావిడకే కవలలు పుట్టారు కదా, మాకింకా టైముంది" అన్నది రెండవది. ఈ రెండూ పొరపాటే.

లోపం ఎవరిది? వేరుశెనగ మొలవకపోతే రైతు భూమినొక్కదాన్నే నిందించడు. విత్తనమూ, పదునూ చూస్తాడు. సంతానం లేని జంటలలో సుమారు సగం మందిలో పురుషునికి సంబంధించిన కారణం కూడా ఉంటుంది. వీర్యపరీక్ష సులువైనది. 2 నుండి 7 రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. అయినా భార్యకు స్కానింగులు, ట్యూబుల పరీక్షలు అన్నీ అయ్యాక గాని భర్త రావడం లేదు.

టైముందా? 2019 సెప్టెంబరు 5న గుంటూరులో ఎర్రమట్టి మంగాయమ్మ గారు ఐ.వి.ఎఫ్. ద్వారా కవల ఆడపిల్లలను కన్నమాట నిజమే. కాని అండం దాత నుండి తీసుకున్నది. స్త్రీ అండాలు 35 ఏళ్ల తర్వాత త్వరగా తగ్గిపోతాయి, ఐ.వి.ఎఫ్. ఆ వయస్సును వెనక్కు తేలేదు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషునికి 55 ఏళ్లే గరిష్ఠ వయస్సు.

ఎప్పుడు రావాలి?
- 35 ఏళ్ల లోపువారు: ఒక సంవత్సరం చూసి.
- 35 దాటినవారు: 6 నెలలు చూసి.
- నెలసరి సరిగా రానివారు, ఇదివరకు టి.బి. వచ్చినవారు: వెంటనే.

అందరికీ ఐ.వి.ఎఫ్. అవసరం రాదు. అండం విడుదల కానివారిలో చాలామందికి మాత్రలే సరిపోతాయి. ట్యూబులు రెండూ మూసుకుపోతే ఐ.వి.ఎఫ్. గురించి ఆలోచించాలి. పొలం అమ్మే ముందు మూడు సంగతులు అడగండి: సెంటరుకు రిజిస్ట్రేషన్ ఉందా? మా వయస్సుకు ఫలితం ఎంతవరకు ఉంటుంది? మొత్తం ఖర్చు కాగితం మీద రాసిస్తారా? ఒక్కసారికే ఫలిస్తుందని ఎవ్వరూ హామీ ఇవ్వలేరు.

"ఇది దేవునికి విరోధమా?" అని కొందరు చెల్లెళ్లు మెల్లగా అడుగుతారు. కతోలిక సంఘం ఐ.వి.ఎఫ్.ను ఆమోదించదు, అనేక ప్రొటెస్టెంట్ సంఘాలు దంపతుల మనస్సాక్షికే విడిచిపెడతాయి. కారణం తెలుసుకొని వైద్యం చేయించుకోవడాన్ని మాత్రం చాలా సంఘాలు తప్పుగా చూడవు.

అత్తమామలకు ఒక మనవి. హన్నాను ఏడిపించింది బిడ్డ లేకపోవడమొక్కటే కాదు, పెనిన్నా ఎత్తిపొడుపు కూడా. "గొడ్రాలు" అనే మాట మన ఇళ్లలో వినబడకూడదు. కోడలిని ఒంటరిగా పంపకండి. మీ కుమారుణ్ణి కూడా వెంట పంపండి.