నీలాల ధరను తేల్చేవి రెండు: పుట్టిన గని, తగిలిన సెగ

2014 నవంబరులో జెనీవాలో జరిగిన వేలంలో 392.52 క్యారెట్ల సింహళ నీలం ఒకటి సుమారు 173 లక్షల డాలర్లు పలికింది. మరుసటి ఏడాది అక్టోబరులో హాంకాంగ్ వేలంలో 27.68 క్యారెట్ల కాశ్మీరు నీలానికి సుమారు 67 లక్షల డాలర్లు వచ్చాయి. మొత్తం సొమ్ములో సింహళ రాయిదే పైచేయి. క్యారెట్టు లెక్క వేస్తే మాత్రం దానికి పడినది సుమారు 44 వేల డాలర్లు కాగా, కాశ్మీరు రాయికి పడినది సుమారు 2 లక్షల 42 వేలు. బరువు పెరిగిన కొద్దీ క్యారెట్టు ధర పెరగడం రత్నాల వర్తకంలో మామూలు. ఇక్కడ పద్నాలుగో వంతు బరువున్న రాయి అయిదు రెట్లకు పైగా ధర తెచ్చింది. మరీ పెద్ద రాయికి కొనుగోలుదార్లు తక్కువన్న మాట నిజమే అయినా, ఇంత తేడాకు ప్రధాన కారణం పుట్టిన గనియే.

నీలం, కెంపు, కనకపుష్యరాగం మూడూ కురువిందమనే ఒకే ఖనిజం. క్రోమియం కలిస్తే ఎరుపు, ఇనుము, టైటానియం కలిస్తే నీలం. కాఠిన్యం 9, బరువు నీటికి నాలుగు రెట్లు. పసుపు టోపాజును కనకపుష్యరాగంగా అమ్మజూపే చోట ఈ బరువు లెక్క అక్కరకొస్తుంది. టోపాజు నీటికి మూడున్నర రెట్లే తూగుతుంది.

కాశ్మీరులోని పాడర్ కొండల్లో 1881 ప్రాంతంలో కొండచరియ విరిగిపడి నీలాలు బయటపడ్డాయి. మేలు సరుకు వచ్చినది 1887 వరకే. ఆ తరువాత దొరికినది స్వల్పం. అందువల్ల నేడు చేతులు మారే అసలు కాశ్మీరు రాళ్లు చాలా వరకు పాత నగల నుంచి ఊడదీసినవే. మఖమలు వంటి మెత్తని కాంతి వాటి గుర్తు. పొట్లాలకొద్దీ కొత్త 'కాశ్మీరు' సరుకు వచ్చిందంటే వర్తకుడు మరోసారి ఆలోచించవలసిందే. దాని తరువాతి స్థానం బర్మాలోని మొగోక్‌ది, ఆపైన సింహళానిది. ఆస్ట్రేలియా రాళ్లు ఎక్కువగా సిరా నలుపుకు దిగుతాయి, ధరా దిగుతుంది. మడగాస్కర్‌లో 1998లో ఇలకాక గనులు బయటపడినప్పటి నుంచి సింహళ రాయిని పోలిన సరుకు విరివిగా వస్తున్నది. దానిని సింహళం పేరుతో అమ్మేవారూ లేకపోలేదు.

ఇక సెగ సంగతి. సింహళంలో గ్యూడా అనే పాలవన్నె రాయిని ఒకప్పుడు పనికిమాలినదిగా చూసేవారు. 1970 దశకంలో థాయి వర్తకులు దానిని కారుచౌకగా కొని, 1500 డిగ్రీలకు పైగా కొలిమిలో కాచి, చక్కని నీలంగా మార్చి లాభాలు గడించారు. లంక వర్తకులకు విషయం తెలిసేసరికి చాలా సరుకు చేయి దాటిపోయింది. నేడు బజారులోని నీలాలలో అధిక భాగం కాచినవే. కాచడం మోసం కాదు, చెప్పకపోవడమే మోసం. చిన్న రాళ్లలో ఈ తేడా ధరపై అంతగా కనిపించదు. రంగు, పరిమాణం రెండూ మేలైన రాయిలో మాత్రం కాచనిదానికి కొన్ని రెట్లు అధికంగా పలుకుతుంది.

బెరీలియం కలిపి కాచే పద్ధతి వేరు. 2001, 2002 సంవత్సరాలలో ఈ విధమైన నారింజ, గులాబి వన్నె రాళ్లు థాయిలాండు నుంచి వచ్చి, అసలు 'పద్పరాద్శ' ధరకు కొంతకాలం అమ్ముడయ్యాయి. రంగు రాయి లోపలికంటా పట్టడంతో భూతద్దానికి అందలేదు. గుట్టు తెలిశాక వాటి విలువ పడిపోయింది. పసుపు రాళ్లకూ ఇదే పద్ధతి వాడుతున్నారు కనుక కనకపుష్యరాగం కొనేవారు జాగ్రత్తపడాలి. ఈ పద్పరాద్శ మన పద్మరాగం నుంచి వచ్చిన మాటే. మన వాడుకలో పద్మరాగమంటే కెంపు, సింహళంలో తామర వన్నె రాయి. ఉత్తరాల మీద బేరం జరిగేచోట ఈ మాట చిక్కు తెస్తుంది.

రాయిని పగటి వెలుగులో, తెల్ల కాగితం మీద బోర్లించి, పక్క నుంచీ చూడాలి. పైకి నిండుగా కనిపించే రంగు ఒక్కోసారి అడుగున చిన్న మచ్చగానే ఉంటుంది. అటువంటి రాయికి తిరిగి సాన పట్టిస్తే రంగు పోతుంది. అడుగు లావుగా వదిలిన రాయిలో కొనేవాడు పనికిరాని బరువుకు సొమ్ము చెల్లిస్తున్నట్టే. కరిగించి పోసిన కృత్రిమ నీలంలో భూతద్దం కింద వంపు గీతలు కనిపిస్తాయి, జాతిరాయిలో పొరలు నిటారుగా ఉంటాయి. సెగ, గని తేల్చడం మాత్రం లేబరేటరీల పని. గని విషయంలో అవి ఇచ్చేది అభిప్రాయమే. ఒకే రాయికి రెండు లేబరేటరీలు రెండు గనులు చెప్పిన సందర్భాలున్నాయి. పెద్ద రాయికి రెండు సర్టిఫికెట్లు అడగడం అందుకే.

నీలం శనిరాయి కనుక, మూడు రోజులు దగ్గర ఉంచుకొని 'పడకపోతే' తిరిగి ఇచ్చే షరతుతో కొనేవారు మనవైపు ఎక్కువ. జాంగడ్ మీద వెళ్లిన సరుకూ ఇలాగే వాపసు వస్తుంది. ఇచ్చేటప్పుడు చీటీలో బరువు క్యారెట్లలో, రెండు దశాంశాల వరకు, కొలతలతో సహా రాయాలి. రత్తి తూకం ఊరూరికీ మారుతుంది. కాచినదా కాదా అన్నదీ, సర్టిఫికెట్టు నంబరూ అదే చీటీలో ఉండాలి. వాపసు తీసుకునేటప్పుడు గిరాకీదారు ఎదుటే మళ్లీ తూచాలి.