నిలువని కళ

దసరా సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన మొదటి వారమున, "నేను చూచిన మ్యూజియము" అను విషయముపై ఎనిమిదవ తరగతివారిచేత వ్యాసము వ్రాయించుచుంటిమి. కామాఠిపురమునుండి వచ్చు విద్యార్థి యొకడు కలమును ప్రక్కన బెట్టి లేచి, "సార్, మా అవ్వ పేర్చిన బతుకమ్మను మ్యూజియంల ఎందుకు పెట్టరు?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. వెనుక బల్లనుండి మఱియొకడు, "రేపటికి వాడిపోతది కదా! మ్యూజియం అంటే పాతవి దాచేది" అని బదులు చెప్పెను. నవ్వు మఱింత పెద్దదయ్యెను. మేమును నవ్వి పాఠమును కొనసాగించితిమి. కాని అది నవ్వి విడువదగిన ప్రశ్న కాదని సాయంకాలము ఇంటికి పోవునపుడు తోచినది.

మ్యూజియమనగా పాతవి దాచు చోటను తలంపు మన పిల్లలకు బైకళాలోని మ్యూజియమును చూచుటవలన కలిగియుండును. కామాఠిపురమునకు సమీపముననే యున్న ఆ భవనము 1872లో ప్రజలకు తెఱవబడినది. మొదట దానికి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమని పేరు. 1975లో డాక్టర్ భావు దాజీ లాడ్ పేరు పెట్టిరి. ఈ నగరమున నివసించిన నానావిధ జనుల వేషములను, వృత్తులను చూపు చిన్న చిన్న మట్టిబొమ్మలు అందు గాజుబీరువాలలో నున్నవి. అవి చాల కాలమునుండి దాచబడినవే. అయితే 2008లో మరమ్మతులు ముగిసి తిరిగి తెఱచిన పిమ్మట, అదే భవనమున నేటి కళాకారుల ప్రదర్శనలును జరిగినవి. కొంతకాలముండి, గడువు తీరగనే విప్పి తీసివేయబడిన ప్రదర్శన లవి. కనుక దాచుట యొక్కటే మ్యూజియము పని యనరాదు.

ఇతర దేశములలో ఈ పద్ధతి ఇంకను దూరము పోయినది. క్యూబాలో జన్మించి అమెరికాలో పనిచేసిన ఫెలిక్స్ గొన్జాలెజ్-టోరెస్ అను కళాకారుడు 1991లో రంగురంగుల మెఱుపు కాగితములలో చుట్టిన పిప్పరమెంట్లను గదిమూలలో కుప్పగా పోయించెను. దాని బరువు 175 పౌండ్లుండవలెనని నియమము. అనగా సుమారు 79 కిలోలు. చూడవచ్చిన వారెవరైనను ఒకటి తీసికొని నోట వేసికొనవచ్చును. ఆ యేడే వ్యాధిచే మరణించిన రాస్ అను తన ప్రాణసహచరుని చిత్తరువుగా ఆ కుప్పను అతడు భావించెను. ముఖము లేదు, కన్నులు లేవు. చేతికొకటి చొప్పున తరిగిపోవుచుండు బరువు మాత్రమున్నది. తరిగిన దానిని మ్యూజియమువారు మరల నింపవచ్చును. నాటి పిప్పరమెంట్లు ఒక్కటియు మిగిలియుండకపోవచ్చును గాని, కుప్పపోయు విధము మిగిలియున్నది. అది తెలిసినవారుండగా ఆ చిత్తరువు చెడలేదు.

జపాను దేశపు యయోయ్ కుసామా 2002లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున పిల్లలకొఱ కొక గదిని సిద్ధపఱచెను. గోడలు, కుర్చీలు, బల్లలు, సర్వము తెలుపే. వచ్చిన పిల్లలకు గుండ్రని రంగుకాగితపు బొట్లనిచ్చి, నచ్చిన చోట అంటింపుమనిరి. కొన్ని వారములలో ఆ తెల్లదనము కానరాకుండ పోయెను. గోడకు కాగితము లంటించియు చీవాట్లు తినని పిల్లలు వారే కాబోలు!

మన చాళ్ళలోని పద్మశాలి కుటుంబముల పిల్లలు మఱియొక కళాకారుని గూర్చి తప్పక తెలిసికొనవలెను. 1944లో ఘానా దేశమున జన్మించి, నైజీరియాలో అధ్యాపకుడుగా నుండిన ఎల్ అనాట్సుయ్, పాఱవేసిన సీసాల లోహపుమూతలను చదునుచేసి, రాగితీగతో ఒకదాని కొకటి ముడివేయించి, మేడ యెత్తు వ్రేలాడు తెరలను చేయించును. 2023 అక్టోబరునుండి 2024 ఏప్రిలువఱకు లండనులోని టేట్ మోడర్న్ మ్యూజియమున అట్టి మహాతెరలు వ్రేలాడినవి. దూరమునుండి చూచినచో ఎఱుపు, పసుపు జరీచీర. దగ్గఱకు పోయినచో సీసామూత. అతని తండ్రియు, అన్నదమ్ములును కెంటె అను తమ దేశపు వస్త్రమును నేసినవారు. 1982నాటి సమ్మె పిమ్మట మూతపడిన మిల్లులలో మగ్గములు నడిపిన తాతల మనుమలకు ఇందలి మర్మము మేము విప్పి చెప్పనక్కఱలేదు.

ఇక బతుకమ్మ. భాద్రపద అమావాస్య మొదలు దుర్గాష్టమి వఱకు తొమ్మిది దినములు జరుగు ఈ పండుగలో, ఆఱవ దినమున మాత్రము అమ్మ అలిగినదని పూలు పేర్చరు. 2014లో తెలంగాణ దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించినది. ఇందు ముఖ్యమైన పూలు తోటలో పెంచినవి కావు. గునుగు చేలలో మొలచు కలుపుమొక్క. రైతు దానిని పీకి గట్టుపై వేయును. తంగేడు బీడునేలలలో తనంత పెరుగును. దాని బెరడు తోళ్ళు పదును చేయుటకు పనికివచ్చును. వానలు వెనుకపట్టునపుడు ఇవి విరగబూయును. సీసామూత ఎట్టిదో గునుగు నట్టిదే. విలువ లేదని పాఱవేసినదే.

పేర్చుట తేలిక పని కాదు. వెడల్పయిన పళ్ళెములో గుమ్మడి ఆకులు పఱచి, అంచు వెంబడి తంగేడుపూలు కుదురుగా నుంచవలెను. గునుగుకాడలను ఒకే పొడవుగా కోసి, చిన్న కట్టలుగా కట్టి, పూలకొనలను రంగునీట ముంచవలెను. ఆ పువ్వు కాగితమువలె పొడిగా నుండును గనుక రంగును చక్కగా పట్టుకొనును. వరుస వరుసకు చుట్టు తగ్గుచు గోపురమువలె పైకి లేచును. లోపలి ఖాళీని ఆకులతోను, మిగిలిన కాడల ముక్కలతోను కూరకున్నచో మూడవ వరుసకే ఒకవైపు ఒరగును. చూచువారికి కనబడని ఈ కూరుటయందే నేర్పంతయు నున్నది. శిఖరమున గుమ్మడిపువ్వు, పసుపు గౌరమ్మ. ఆడిపాడిన పిమ్మట నీట విడుతురు.

ముంబయిలో దీనికి కష్టములు వేఱు. దాదరు పూలబజారులో బంతియు, చేమంతియు కుప్పలుగా నుండును. గునుగు, తంగేడు అట్లు దొరకవు. కొందఱు ఊరినుండి వచ్చు బంధువులచేత తెప్పించుకొందురు. తక్కినవారు బంతిపూలతోనే గోపురము లేపుదురు. చాళ్ళు పడగొట్టి అంతస్తుల మేడలు కట్టుచున్నారు. లిఫ్టులో పట్టునంత బతుకమ్మనే ఇప్పుడు పేర్చుచున్నామని ఒక తల్లి మాతో చెప్పినది.

తరువాతి ఆదివారము మేమా విద్యార్థి యింటికి పోయితిమి. "అవ్వా, మీ బతుకమ్మను అద్దాల బీరువాలో దాస్తామంటే ఇస్తారా?" అని యడిగితిమి. ఆమె బియ్యము చెఱుగుట మానలేదు. "నీళ్ళల్ల వెయ్యకుంటే బతుకమ్మ ఎట్లయితది సారూ? దాస్తే వట్టి పూలకుప్ప" అనెను. కొంతసేపటికి తానే మరల, "మా కోడలు మిషిన్ కుట్టబోతది. మనుమరాలికి పరీక్షలు. ఈ యేడు నేనొక్కదాన్నే పేర్చిన" అనెను.

"నాకు నేర్పరాదే, అవ్వా" అని పిల్లవాడనెను.

"మొగపిల్లలు పూలు తెస్తరు గని పేరుస్తరా?" అని ఆమె నవ్వెను. నవ్వుచునే చేట ప్రక్కన బెట్టెను. పూలకాలము గడచిపోయినది గనుక, వంటకు తెచ్చిన కొత్తిమీరనే వాని చేతికిచ్చి, దారపుటుండను ముందుకు దొర్లించెను. వాడు కట్టిన మొదటి కట్ట ఎత్తగనే విడిపోయెను. రెండవదియు విడిపోయెను. మూడవ దానిని అవ్వ తన చేతిలోనికి తీసికొని, కాడలను నేలపై రెండుమార్లు తట్టి సమముచేసి, దారమును బిగించి చుట్టి, "ఇట్ల" అనెను.