మందగమనము – నిందాసహనము

నడచువానిని చూచి కూర్చున్నవాడును, మెల్లగా పరుగిడువానిని చూచి వేగముగా పరుగిడువాడును ఏదో ఒక మాట అనుట లోకములో పరిపాటి. ప్రాతఃకాలమున పరుగిడు అలవాటు నేడు పట్టణములనుండి పల్లెలకును వ్యాపించినది. వీరిలో పెక్కుమంది పందెములు గెలువగోరువారు కారు. ఏబది యేండ్లు దాటిన పిమ్మట వైద్యుని మాటపై ఆరంభించిన గృహస్థులు, ఇంటిపనికి ముందు అరగంట తమకై కేటాయించుకొన్న గృహిణులు వీరిలో కలరు. “ఏమి పెద్దాయనా, ఇది పరుగా, నడకా?” “అక్కా, మా మేకలే నీకన్నా ముందు పోతుండాయి” అను మాటలు వీరికి తప్పవు. మాట చిన్నదే. కాని దానికి నొచ్చి మరునాటినుండి ఇల్లు కదలనివారు కలరు. రక్తపోటు, మధుమేహము గలవారికి అట్టి విరమణ చిన్న నష్టము కాదు. కావున నిందను ఎట్లు స్వీకరింపవలెనను ప్రశ్న ఇచ్చట మర్యాదకు మాత్రమే గాక దేహరక్షణకును సంబంధించినది.

ఈ ప్రశ్నను విచారించుటకు లేపాక్షి తగిన స్థలము. ఒకప్పుడు అనంతపురము జిల్లాలోనిదై, 2022వ సంవత్సరమునుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ గ్రామము హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, వాన తక్కువైన మెట్టసీమలో నున్నది. 16వ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమున విరుపణ్ణ, వీరణ్ణ అను సోదరులు కట్టించిన వీరభద్రాలయమున పాపనాశేశ్వరునకును, రఘునాథునకును కూడ సన్నిధులు కలవు. ఆలయము నిలిచిన శిల తాబేటి వీపును పోలియుండుటచే దానికి కూర్మశైలమని పేరు. మందగమనమునకు పేరుపడిన ప్రాణి పేరు దాల్చిన ఈ గుట్టపై యాత్రికులు రెండు కథలు విందురు. ఒకటి నిందకు క్రుంగినవాని కథ. మరియొకటి తన అశక్తి నెరిగియు క్రుంగనివాని కథ.

మొదటిది విరుపణ్ణ కథ. రాజుగారి అనుమతి లేకయే ఆలయమునకు బొక్కసపు ధనమును వెచ్చించెనని గిట్టనివారు కొండెములు చెప్పిరట. రాజు అతని కన్నులు తీయింప నాజ్ఞాపించెనట. ఆ వార్త విని విరుపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసరెనని స్థలకథ. అసంపూర్ణముగా నిలిచిన కల్యాణమండపము చెంత గోడపై ఎఱ్ఱని మచ్చలను నేటికిని చూపుదురు. కథలోని చారిత్రకసత్య మెంతయైనను, అందలి హెచ్చరిక స్పష్టము: పరులు విధించిన శిక్షను తనకు తానే అమలుపరచుకొన్నవాని పని సగములో నిలిచిపోవును. ఎగతాళికి నొచ్చి పరుగు మానివేయువాడును, పౌరుషమునకు పోయి శక్తికి మించి పరుగిడి మోకాలు చెడగొట్టుకొనువాడును చేయునది ఇదియే. అన్నవాడు మాట మరచి తన దారిన పోవును; బాధ విన్నవాని దేహమున మిగులును.

రెండవది జటాయువు కథ. రావణుని ఖడ్గమునకు రెక్కలు తెగి జటాయువు పడినది ఇచ్చటనే యనియు, శ్రీరాముడు “లే, పక్షీ!” అని పలుకుటచే ఊరికి ఆ పేరు వచ్చెననియు జనశ్రుతి. వాల్మీకి రామాయణము అరణ్యకాండలో ఒక విశేషమున్నది. నీవు ముసలివాడవని రావణుడు ఎత్తిపొడువకముందే, తాను వృద్ధుడననియు, ఎదుటివాడు యువకుడు, రథము, కవచము, ధనుర్బాణములు గలవాడనియు జటాయువే చెప్పెను. అయినను సీతను కొనిపోనీయనని అడ్డుపడెను. తన లోపమును తానే ముందుగా ఒప్పుకొన్నవానిని ఆ లోపముతో ఎవరు అవమానింపగలరు? గెలుపే కొలతయైనచో జటాయువు ఓడినవాడే. కాని శ్రీరాముడు ఆ కొలత చేపట్టలేదు. తండ్రికి వలె అంత్యక్రియలు జరిపెను. శ్రీవైష్ణవులు ఆ పక్షీంద్రుని ‘పెరియ ఉడైయార్’ అని గౌరవింతురు.

ప్రాణమొడ్డిన జటాయువు త్యాగమునకును, ఉదయపు పరుగునకును సాటి లేదు. అయినను ఆ నిబ్బరము చిన్న పనులకును పనికివచ్చును. “అవును నాయనా, నా పరుగు ఇంతే” అని నవ్వుచు చెప్పగలవానితో ఎగతాళి చేయువాడు ఎక్కువ దూరము రాలేడు.

అయితే వినిన ప్రతి మాటను ఎగతాళియని త్రోసివేయుట వివేకము కాదు. మెల్లగా పరుగిడువానికి ఎదురగు విమర్శలు మూడు విధములు: హితవు, పోలిక, పరిహాసము.

హితవు కటువుగా చెప్పబడినను గ్రహింపదగినది. ఛాతీలో నొప్పి, కన్నులు తిరుగుట, మితిమీరిన ఆయాసము కలిగినపుడు ఆగుమన్నవాడు శత్రువు కాడు. అప్పుడు ఆగి వైద్యుని చూపించుకొనవలెను. ఎండ ముదరకముందే ముగింపుమనియు, చీకటిలో లేతరంగు బట్టలు ధరించి, ఎదురుగా వచ్చు వాహనములు కనబడు ప్రక్కన పోవలెననియు చెప్పు మాటలును అట్టివే. ఇరుకు దారిలో వేగముగా వచ్చువారికి ప్రక్కకు తొలగుట మందగామి ధర్మము.

రెండవది పోలిక. ఇరుగువాడు అరగంటలో ఐదు కిలోమీటర్లు పోయెను, నీవు మూడే పోతివి అనునది. పరధర్మము చక్కగా ఆచరించుటకంటె లోపమున్నను స్వధర్మమే మేలని భగవద్గీత మూడవ అధ్యాయము బోధించును. దేహబలమునకును ఈ న్యాయము వర్తించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యస్థ వ్యాయామమును సూచించుచున్నది. ఇరుగువానిని దాటవలెనని సూచించుట లేదు. వ్యాయామము చేయుచు మాటలాడ వీలై, పాట పాడ వీలుకానిచో అది మధ్యస్థ వ్యాయామమని వైద్యులు చెప్పు సులభమైన గుర్తు. ఈ కొలత ఎవరి శ్వాసలో వారికే యున్నది.

మూడవది పరిహాసము. దీనికి మౌనమో, చిరునవ్వో చాలును. నిందాస్తుతులను సమముగా చూచువాడు తనకు ప్రియుడని భగవానుడు గీత పండ్రెండవ అధ్యాయమున చెప్పెను. స్తుతి కూడ ఇందు చేరినదని గమనింపవలెను. మెచ్చుకోలుకు పొంగి వేగము పెంచువాడు ఎత్తిపొడుపునకు తప్పక క్రుంగును.

పంజాబున జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన ఫౌజాసింగు 2000వ సంవత్సరమున తన 89వ యేట లండనులో తొలి మారథాను పరుగు ముగించెను. 2011లో, నూరేండ్ల వయస్సున, టొరంటోలో 42.195 కిలోమీటర్ల దూరమును ఎనిమిది గంటలకు పైగా పరుగిడి చేరెను. జన్మపత్రము లేనందున గిన్నిసు గ్రంథమువారు ఆ రికార్డును అంగీకరింపలేదు. అయినను ఆయన పరుగు మానలేదు. 2025 జూలైలో స్వగ్రామము చెంత వాహనము తగిలి ఆయన మరణించుట, పైన చెప్పిన రహదారి హితవు ఎంత విలువైనదో తెలుపును.

అలిపిరినుండి తిరుమలకు 3,550 మెట్లు. అందు నిటారుగా నున్న భాగమునకు మోకాళ్ల పర్వతమని పేరు. ఆదిశేషుని అంశమైన కొండపై పాదము మోపుటకు వెఱచి భగవద్రామానుజులు మోకాళ్లపై ఎక్కిరని సంప్రదాయము చెప్పును. ఆ యాత్రకు ఎంత కాలము పట్టెనని ఎవరును అడుగరు. నేడును ఆ దారిలో చిన్నవారు పరుగున ఎక్కుదురు. పెద్దలు పది మెట్లకొకమారు కూర్చుండి లేచి ఎక్కుదురు. దర్శనమున ఇరువురికి భేదము లేదు.

మెల్లగా పరుగిడువాడు చివరగా తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలెను: తనకంటె మెల్లగా పోవువానిని చూచి తాను ఏమనుచున్నాడు? తాను పొందిన మాట ఇతరులకు అప్పగింపక, “పదండి, మెల్లగా పోదము” అని తోడు నిలిచినవాడే నిందను నిజముగా జయించినవాడు.